సారె ఎవరి గుమ్మంలో దించాలి

ఆదివారం పొద్దున్న నేను కింద వసారాలో చింతపండు పిక్క తీస్తూ కూర్చుంటాను. అదే వేళకు మా మేడ మీద ప్రార్థన జరుగుతుంది. పాట కోసం అందరూ లేచినప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు వెనక్కి జరిగి, ఆ గరగర చప్పుడు కప్పు దాటి నా నెత్తిన పడుతుంది. ఇప్పుడు ఆ చప్పుడు అంతా ఒక్క ముక్కగా వస్తుంది. ఇదివరకు అలా వచ్చేది కాదు. ముందు పాట మొదలయ్యేది. కాసేపటికి ఒకే ఒక్క కుర్చీ జరిగేది. ఆ తరవాత మిగిలినవి ఒకదాని వెనక ఒకటి, సంత నుంచి మేకలు కదిలినట్టు. ఆ మొదటి కుర్చీ మార్తమ్మది. ఆ మనిషీ లేదు, ఆ ఒంటి చప్పుడూ లేదు. నేను ఆ మతం దాన్ని కాను. మా దేవుడి గదిలో వేంకటేశ్వరస్వామి, పరమేశ్వరి అమ్మవారు ఉన్నారు, వాళ్ళకి చెయ్యవలసింది చేస్తున్నాను. అయినా ఆ కుర్చీలు కదిలేసరికి చేతిలో పిక్క చేతిలోనే ఆగిపోతుంది. మార్తమ్మ గురించి నాకు అర్థమైనది కొంత, అర్థం కానిది ఎక్కువ. రెండూ చెబుతాను.

మాది ఒడిశాలోని బిస్సమ్ కటక్ బజారు వీధిలో చింతపండు దుకాణం. మా మామగారి నాడు బొబ్బిలి పక్క నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. మార్తమ్మ పార్వతీపురం మనిషి. భర్త పోయాక కుట్టుమిషను ఒకటి వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చి, మా ఎదురు అరుగు మీద పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నాకంటే పెద్దది, అందుకని అప్పా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను సావుకారమ్మా అనేది. జాకెట్టు కుట్టాక మిగిలిన గుడ్డముక్కలు, గోరంతవి కూడా, చిన్న మూటకట్టి తెచ్చి ఇచ్చేది. ఊళ్ళో మిగిలిన దర్జీలెవరూ అలా ఇవ్వరు. అడిగితే, గుడ్డ మీది కదమ్మా, నాది కత్తిరింపే అనేది. దుబారా చేసే మనుషులంటే నాకు గిట్టదు. ఈమె మాత్రం మొదటి జాకెట్టుతోనే నా లెక్కలోకి వచ్చేసింది.

ఒకనాడు ఆమె రాయగడ నుంచి ఒక పాస్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనది ఒడియా ఇల్లు, తెలుగు బాగానే మాట్లాడతాడు. రాయగడలో వాళ్ళది పెద్ద గుడి. ఈ ఊళ్ళో వాళ్ళ మనుషులు కొందరున్నారు, ప్రతి వారం అంతదూరం రాలేకపోతున్నారు, మీ మేడ మీది గది ఇస్తే వాళ్ళకో శాఖ పెడతాం అన్నాడు. ఆ గదిలో అప్పుడు చిరిగిన గోనెలు తప్ప ఏమీ లేవు. ఇస్తానని మాటిచ్చాను. వాళ్ళు గోడకు పెద్ద టీవీ బిగించారు. రాయగడలో పాస్టరు గారు మాట్లాడుతుంటే ఆ మాట తీగల మీద వచ్చి ఇక్కడ టీవీలో పడుతుంది. ఆయన లేవండి అంటే వీళ్ళు లేస్తారు, కూర్చోండి అంటే కూర్చుంటారు. మా దుకాణానికి మునిగూడలో బ్రాంచి ఉన్నట్టే ఇదీ అనుకున్నాను. అంతవరకు నాకు తేలిగ్గానే అర్థమైంది.

తాళం మా గోడ మేకుకు వేలాడేది. ప్రతి ఆదివారం మార్తమ్మ వచ్చి గుమ్మం బయట నిలబడి అడిగేది. ప్రార్థన అయ్యాక ఫ్యాన్లు ఆపి, తలుపు వేసి, మళ్ళీ నా చేతికే ఇచ్చేది.

"ఏల అప్పా వారం వారం అడగడం. నీ కాడే ఉంచీసుకో," అన్నాను ఓసారి.

"వద్దమ్మా. తాళం నా కొంగున కట్టీసుకుంటే గది నాదే అనిపిస్తాది. మిమ్మల్ని అడిగితే మీదని గురుతుంటాది."

"నేనేటైనా కాదంటానేటి?"

"అనరు. అందుకే అడగాల. కాదన్నోల్ల దగ్గిర ఎవులైనా అడుగుతారు."

ఈ మాట నాకు అప్పుడు బోధపడలేదు. ఇవ్వనివాళ్ళని అడగడం వేరు, ఇచ్చేవాళ్ళని అడగడం వేరు అని ఆమె భావం కాబోలు. ఇప్పటికీ కాబోలు అనే అంటున్నాను.

కొన్నాళ్ళు అలాగే సాగింది. ఆ గదికి కొండ మీద కుయి భాష మాట్లాడేవాళ్ళు, ఒడియా వాళ్ళు, మన తెలుగువాళ్ళు అందరూ వచ్చేవారు. వాళ్ళలో డప్పు కొట్టే కుర్రవాడు ఒకడుండేవాడు. కొండదారిలో మోటారు సైకిలు జారి చనిపోయాడు. శనివారం మట్టి చేశారు. తెల్లారి ఆదివారం. మేడ మీంచి ఏడుపు మాత్రం వినపడుతోంది. టీవీలో పాస్టరు గారు ఏదో పిల్లకాయల సంగతి చెప్పి నవ్వించాడు. రాయగడ గుడిలో జనమంతా గొల్లుమని నవ్వారు. ఆ నవ్వు మా మేడ మీంచి దిగి నా వసారాలోకి వచ్చింది. పైన ఎవరూ నవ్వలేదు. అలా ఎంతసేపో నవ్వారు. ఉన్నట్టుండి టీవీ ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని చూశాను, నా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మార్తమ్మ తాళం ఇవ్వడానికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనే ఆపీసేను," అంది.

"ఆయనకి బుద్ధి నేదేటప్పా, ఈ పూట నవ్వులేటి?"

"ఆయన తప్పేటీ నేదమ్మా. ఆయనకి తెలీదు. ఇక్కడ ఎవులు పోయేరో అక్కడకి ఎలా తెలుస్తాది." తాళం నా అరచేతిలో పెట్టి ఒక క్షణం వదలలేదు. "అంతదూరం మాటకే లేస్తా కూకుంటా ఉండిపోడం తప్పయితే, అది మాదేనేమో."

ఆ ఎండాకాలమే మా ఇంట్లో నా చిన్నకొడుకు వేరు కాపురం పెడతానని మొదలుపెట్టాడు. రోడ్డుకు అవతల గది చూసుకున్నాడట. నేనూ వాడూ మాటల్లేవు. కోడలు సుజాత నా ముందుకు వచ్చేది కాదు. ఒక పొయ్యి మీద ఉడికే అన్నానికి రెండు పొయ్యిలు రాజెయ్యడం నాకు మొదటి నుంచీ పడదు. సరిగ్గా ఆ రోజుల్లో మార్తమ్మ వచ్చింది. ఈసారి తాళానికి కాదు. మేం రాయగడ గుడి నుంచి వేరవుతున్నాం, మా పేరుతో మేమే సంఘంగా సర్కారు దగ్గర నమోదు చేసుకోవాలి, దానికి గది ఆసామీ కాగితం కావాలి, గది రాయగడ వాళ్ళకి కాకుండా మా సంఘం పేరున ఇస్తున్నట్టు మీరు సంతకం పెట్టాలి అని చెప్పింది. ఆ కాగితం లేకపోతే పని ముందుకు కదలదట. ఈ బజారులో వాళ్ళకి ఇంకో గది ఇచ్చేవాళ్ళు లేరు, అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"దెబ్బలాటేటి?" అన్నాను.

"నేదమ్మా."

"ఆస్తి తగువేటి?"

"ఆస్తేటుంది? ఆ టీవీ, ఆ కుర్సీలు."

"మరి ఆయన మీద కోపమా?"

"కోపమేటి? నేను బాప్తిస్మం తీసుకున్నది ఆయన సేతుల మీదే."

"దెబ్బలాట నేదు, తగువు నేదు, కోపం నేదు. మరేటికి వేరైపోడం?"

ఆమె నా చింతపండు వైపు చూసింది. "ఎదిగీసేం కదమ్మా," అంది.

ఆ మాటకు నాకు ఎక్కడలేని మంట వచ్చింది. మా చిన్నాడూ ఇదే మాట అన్నాడు. నేను మాటిచ్చింది రాయగడ పెద్ద గుడికి, వాళ్ళ వెనకాల గది పేరు మార్చడం నా వల్ల కాదని చెప్పేశాను. మా పెద్దాడు లోపలి నుంచి, "అమ్మా, గది గదే గదా, ఎవుల పేరుంటే మనకేటి?" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. మార్తమ్మ బతిమాలలేదు. కాగితం మడిచి జాకెట్టు గుడ్డల సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమెకు కోపం వస్తుందనీ, రావడం మానేస్తుందనీ అనుకున్నాను. ఆదివారం మళ్ళీ గుమ్మం బయట నిలబడి, "సావుకారమ్మా, తాళం ఇప్పించండి," అంది, ఏమీ జరగనట్టు. ఇచ్చాను. ఆ తరవాతి వారమూ అంతే. కాదన్న మనిషి గుమ్మంలోకి అంత మామూలుగా ఎలా వస్తుందో నాకు అంతు పట్టలేదు. నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టడం మానేసింది.

చివరికి నేనే రాయగడ వెళ్ళాను. పాసింజరు రైలు ఎక్కి, పులిహోర కట్టుకుని, పెద్దమనిషి తగువు తీర్చడానికి వెళ్ళినట్టు కొబ్బరికాయ, అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళాను. అంత పెద్ద గుడిలో కొబ్బరికాయ ఎక్కడ పెట్టాలో తెలియక సంచిలోనే ఉంచుకున్నాను. పాస్టరు గారు ఎదురొచ్చాడు. మా టీవీలో గోడంత మనిషి, ఎదురుగా చూస్తే నా చెవి దాకా వస్తాడు. నన్ను మావుసీ అని పిలిచి కూర్చోబెట్టాడు, ఒడియా వాళ్ళు పిన్నమ్మని అలా పిలుస్తారు.

"మీ పిల్ల గుడి వేరు పడతానంటంటే మీరేటి ఊరుకున్నారు?" అని అడిగేశాను.

"మావుసీ, వెళ్ళమన్నది నేనే."

"తరిమేస్తన్నారేటి?"

ఆయన నవ్వలేదు. "తరమడం కాదు. అక్కడ మనుషులు పెరిగారు. వాళ్ళలోనే ఒక అబ్బాయి పాస్టరు చదువు చదివాడు, కుయి మాట్లాడతాడు, వాళ్ళ ఇళ్ళకి నడిచి వెళ్తాడు. నేను ఇక్కడి నుంచి ఎంత గట్టిగా మాట్లాడితే ఏం లాభం? చాలా రోజుల నుంచి చెబుతున్నాను. వద్దు వద్దు అన్నది మార్తమ్మ గారే."

"మార్తమ్మా?"

"అవును మావుసీ. నా గొంతు వినకపోతే అది ఆదివారంలా ఉండదని అనేవారు. ఆ డప్పు అబ్బాయి చనిపోయిన వారమే ఆవిడ ఇక్కడికి వచ్చారు. మమ్మల్ని పంపించీండి అని ఆవిడే అడిగారు. అడిగి ఈ కుర్చీలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చారు."

ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నాను. వేరు పడేవాళ్ళు ఏడవడం నేను చూడలేదు. మా వైపు పంపకాలప్పుడు బిందెలు లెక్కపెట్టుకుంటారు, గోడ కొలుచుకుంటారు, ఆ తరవాత ఏళ్ళ తరబడి మాట్లాడుకోరు. ఇది ఆ జాతి కాదు. అయితే ఏ జాతి? అలా ఆలోచిస్తుంటే నాకు నా అప్పగింతలు గుర్తొచ్చాయి. అక్కడా ఎవరికీ కోపం లేదు, అందరూ ఏడ్చారు, వెళ్ళమన్నదీ వాళ్ళే. ఇది పంపకం కాదు, ఆడపిల్లని అత్తారింటికి పంపడం అనిపించింది. అనిపించగానే నా నోరు ఊరుకోలేదు.

"అయితే పిల్లని ఉత్త సేతుల్తో పంపిస్తారేటి? సారె పెట్టరా?"

"సారె అంటే?"

"బుట్టల్లో అరిసెలు, లడ్డూలు, పళ్ళు, ఓ సీర."

"ఓ, భార," అన్నాడు. వాళ్ళలోనూ కూతురి ఇంటికి అలాగే పంపుతారట, భార అంటారట. ఆయన ముఖంలో మొదటిసారి వెలుగు వచ్చింది. "మేం ఎవరమూ అలా ఆలోచించలేదు మావుసీ. తప్పకుండా పంపిస్తాం."

కొబ్బరికాయ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. తిరిగి మోసుకురావడం దండగ.

ఇంటికొచ్చిన మర్నాడు మార్తమ్మని పిలిచి కాగితం తెమ్మన్నాను. నా పేరు నేను నెమ్మదిగానే రాస్తాను, అక్షరం అక్షరం కూడబలుక్కుని. అంతసేపూ ఆమె ఊపిరి తీస్తున్నట్టు లేదు.

"ఏలమ్మా రాయగడ ఎల్లేరు?" అంది కాగితం ఆరబెడుతూ.

"తగువు తీర్చడానికి. తగువే నేదు. టిక్కెట్టు దండగ."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. "నీకిష్టం నేదంట గదా?" అన్నాను.

"నేదు."

"మరి ఇష్టం నేని పనికి ఇంత తిరుగుడేటప్పా? నన్ను అడగడం, ఆపీసుకి ఎల్లడం, అందర్నీ కూడగట్టడం?"

"నాకిష్టం నేదని పిల్లలు ఎదక్కుండా ఉంటారేటి సావుకారమ్మా."

మా ఇంటి గొడవ వీధంతా తెలుసు. ఆ మాట ఆమె వాళ్ళ గుడి గురించి అందో, నా చిన్నకొడుకు గురించి అందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె ముఖం చూస్తే కుట్టు మీద చూపు పెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

వాళ్ళ సొంత పేరుతో మొదటి ఆదివారం నన్నూ రమ్మన్నారు. తలుపు దగ్గర కుర్చీ వేశారు. కొత్త పాస్టరు, ఆ కుయి అబ్బాయి, ముందు నిలబడ్డాడు. టీవీ ఇంకా గోడకే ఉంది, నల్లగా. అతను పాట పాడదాం అన్నాడు. ఒక్కరూ లేవలేదు. అందరి కళ్ళూ ఆ నల్లటి అద్దం మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ అక్కడి మనుషులు లేస్తేనే వీళ్ళు లేచేవారు, ఆ అలవాటుతో దాని కోసమే చూస్తున్నారు. ఆ అబ్బాయికి చెమట్లు పట్టాయి. నాకే లేచి నిలబడదామా అనిపించింది, కానీ నేనెవరిని? అప్పుడు ముందు వరసలో ఒక కుర్చీ గరగరమని జరిగింది. మార్తమ్మ లేచింది. ఎవరి వైపూ చూడకుండా, శ్రుతి తప్పిన గొంతుతో తనే పాట ఎత్తుకుంది. ఆమె గొంతు బాగుండదు, అది ఆమెకూ తెలుసు. అప్పుడు లేచారు అందరూ.

ప్రార్థన ఇంకా అయిందో లేదో, కింద వ్యాను హారను వినపడింది. రాయగడ వాళ్ళు. వెదురు బుట్టలు, వాటిలో అరిసెలు, ఖాజాలు, లడ్డూలు, అరటిగెల, ఎర్రంచు పసుపు చీర. పాస్టరు గారు ముందు నడుస్తూ, బుట్టలన్నీ తెచ్చి నా గుమ్మంలో దించేశాడు.

"ఇక్కడేటి?" అన్నాను కంగారుగా. "మేడ మీద దించాల."

"మీరే కదా మావుసీ సారె అడిగారు. అమ్మాయి వచ్చింది మీ ఇంటికే కదా," అన్నాడు ఆయన.

నేను పిల్ల తరఫున అడిగాను. ఆయన నన్ను అత్తవారిని చేసి కూర్చోబెట్టాడు. గుమ్మంలో దిగిన సారె తిరిగి ఎత్తకూడదు, అది వీధికి పంచాలి, మా ఆచారం అది. వీధి అప్పటికే పోగయింది. ఏం చెయ్యాలో తెలియక మార్తమ్మ వైపు చూశాను. మెట్ల మీద నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"దించీసేరు గదా సావుకారమ్మా. పంచండి మరి."

ఇంటింటికీ అరిసె, లడ్డూ, పండు పంచాను. గుడ్డల కొట్టు మార్వాడీ వాళ్ళకి, ఎదురింటి కంపౌండరు గారికి, పూలమ్ముకునే వాళ్ళకి. అందరూ ఒకటే అడిగారు, ఎవరి సారె, ఏ అమ్మాయి, ఎక్కడి నుంచి అని. ఒకరికి రాయగడ నుంచి అన్నాను, ఒకరికి మా మేడ మీది వాళ్ళది అన్నాను, ఒకరికి తినండి, అడక్కండి అన్నాను.

ఆ చీర ఎవరు కట్టుకోవాలో తేలలేదు. మార్తమ్మ దాన్ని తీసుకెళ్ళి, మేడ మీది బల్లకు గుడ్డగా కుట్టింది. రెండు రోజులకు మిగిలిన ముక్కలు మూటకట్టి నా చేతిలో పెట్టింది. "సారె దిగింది మీ గుమ్మంలో. ముక్కలు మీవి," అంది. ఎర్రంచు ముక్కలు అవి. ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి, దేనికి వాడాలో తెలియక.

కాగితం వాళ్ళ పేరున అయ్యాక కూడా ఆమె తాళం అడగడం మానలేదు. ఇప్పుడేల అప్పా, పేరు మీదే గదా అంటే, "పేరు మాదయితే గుమ్మం మాదైపోద్దేటి?" అనేది. జబ్బు పడి మంచం ఎక్కేదాకా అలాగే వచ్చింది. ఆమెను మట్టి చేసిన రోజు రాయగడ పాస్టరు గారు వచ్చాడు. మాట్లాడమంటే, ఇది మీ సంఘం, మీరే మాట్లాడండి అని ఆ కుయి అబ్బాయిని ముందుకు పంపి, తను జనంలో నిలబడి ఏడ్చాడు. అప్పుడు కూడా నాకు ఆయనా మార్తమ్మా ఇద్దరిలో ఎవరు పంపినవారో, ఎవరు వెళ్ళినవారో తేలలేదు. తరవాత ఆ అబ్బాయి మర్యాదగా వచ్చి, తాళం మా దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఇచ్చేశాను. మేకు ఖాళీగా ఉంది. దానికి ఇంకేదీ తగిలించలేదు.

సారె పంచిన నెలలోనే నా చిన్నకొడుకు రోడ్డు దాటి వేరు కాపురం పెట్టాడు. కొడుకు వేరు పడితే ఎవరూ సారె పంపరు. నేను పంపాను. అరిసెలు నేనే వండి, బుట్ట నేనే మోసుకెళ్ళి కొత్త గుమ్మంలో దించాను. సుజాత బిత్తరపోయింది.

"ఇదేటత్తా?"

"ఏటో నాకూ తెలీదు. దించుకో."

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఇంటికి వెళ్తాను. తలుపు తీసే ఉంటుంది. అయినా బయటే నిలబడి, "అమ్మీ, లోనకి రావచ్చేటి?" అని అడుగుతాను. మీ ఇల్లే కదత్తా, అడగడమేటి అంటుంది సుజాత, రోజూ అదే మాట. ఆ మాట వినాలని అడుగుతున్నానో, అది నా ఇల్లు కాదని గుర్తుంచుకోవాలని అడుగుతున్నానో నాకు తెలియదు. మార్తమ్మ ఉంటే చెప్పేదేమో. ఆమె చెప్పినా నాకు బోధపడేది కాదు. అడిగి, సుజాత రమ్మన్నాక, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తాను.